పోడు కొట్టి వదిలేసిన కొండ మీద అడవి మళ్ళీ ఎలా వస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

మన్యం ఊళ్ళలో పనిచేసే టీచర్లు, వృక్షశాస్త్రం చదివే పిల్లలు, మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో బండి ఆపి కొండ మీది బోడి మచ్చలు చూసి బాధపడేవాళ్ళు, వీళ్ళందరూ అటూఇటూగా ఒకే ప్రశ్నలు అడుగుతారు. వాటికి తెలిసినంతలో జవాబులు ఇక్కడ రాస్తున్నాను. చెట్ల ఉదాహరణలు ఎక్కువగా మన తూర్పు కనుమలవి. ఏళ్ళ లెక్కలు మాత్రం చాలావరకు లాటిన్ అమెరికా, ఈశాన్య భారతం నుంచి తీసుకున్నవి, ఎందుకంటే పెద్ద ఎత్తున కొలిచింది అక్కడే.

పోడు ఆపేసి వదిలేస్తే అడవి నిజంగా తిరిగి వస్తుందా?

వస్తుంది, అడ్డు పడకపోతే. చలికాలంలో చెట్లు కొట్టి, ఎండబెట్టి, ఏప్రిల్, మే నెలల్లో కాల్చి, తొలకరికి ఆ బూడిదలో సామలు, చోళ్ళు, కొర్రలు, జొన్న, కంది కలిపి వేసి, రెండు మూడేళ్ళు పంట తీసుకుని పక్క కొండకు వెళ్ళిపోతే, వదిలేసిన చోట ఆ ఏడాది వానలకే పచ్చదనం మొదలవుతుంది. నాగలి దించని నేల, వేళ్ళతో పెకలించని మోళ్ళు, చుట్టూ పాత అడవి, ఈ మూడూ ఉన్నచోట ఎవరూ ఒక్క మొక్క నాటకుండానే ఇరవై ఏళ్ళకు తలెత్తి చూడాల్సినంత ఎత్తున చెట్లు నిలబడతాయి. ఇవి లేనిచోట సంగతి వేరు, దాని గురించి కింద చాలానే రాశాను.

కాకపోతే అన్నీ ఒకే వేగంతో రావు. నేల ముందు కోలుకుంటుంది. నీడ, ఎత్తు తర్వాత వస్తాయి. ఎన్ని రకాల మొక్కలు ఉన్నాయన్న లెక్క ఆ తర్వాత నిండుతుంది. ఒకప్పుడు ఉన్న రకాలే మళ్ళీ ఉన్నాయా అంటే మాత్రం అది అన్నిటికంటే చివర, అదీ కొన్నిచోట్ల మాత్రమే.

అదంతా సరే, ఎన్నేళ్ళు పడుతుందో ఒక్క ముక్కలో చెప్పండి.

ఒక్క ముక్కలో చెప్తే తప్పు చెప్పినట్టే అవుతుంది, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

నెదర్లాండ్స్‌లోని వాఖెనింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన లౌరెన్స్ పోర్టర్, చాలా దేశాల శాస్త్రవేత్తలు కలిసి, అమెరికా ఖండాల ఉష్ణమండలంలోనూ పశ్చిమ ఆఫ్రికాలోనూ 77 చోట్ల, 2,200కు పైగా ప్లాట్లలో కొలతలు తీసి 2021లో ఒక పెద్ద అధ్యయనం వేశారు. సాగో పశువుల మేతో ఆపేసి వదిలేసిన భూములవి. పాత అడవిలో ఉండే స్థాయిలో 90 శాతానికి చేరడానికి ఎంత కాలం పడుతుందో ఒక్కో అంశానికి విడివిడిగా చూశారు. నేల సారం పదేళ్ళలోపే కోలుకుంది. ఆకులు, కలప వంటి వాటిలో కనిపించే మొక్కల పనితీరు పాతికేళ్ళలోపు వచ్చేసింది. చెట్ల లావు ఎత్తుల అమరికకీ జాతుల వైవిధ్యానికీ 25 నుంచి 60 ఏళ్ళు పట్టింది. మొత్తం చెట్ల బరువు (అంటే బయోమాస్), పాత జాతులే మళ్ళీ కుదురుకోవడం, ఈ రెండింటికీ 120 ఏళ్ళు దాటింది. ఇరవై ఏళ్ళ వయసున్న అడవి అన్ని అంశాలూ కలిపి సగటున పాత అడవిలో 78 శాతానికి చేరుకుందని తేలింది, ఇది నిజంగా సంతోషించాల్సిన మాట.

దానికి రెండేళ్ళ ముందు, 2019లో, డనాయె రోజెండాల్ బృందం లాటిన్ అమెరికాలో 56 చోట్ల చెట్ల జాతుల మీదే దృష్టి పెట్టింది. జాతుల సంఖ్య ఇరవై ఏళ్ళకే 80 శాతం వచ్చేసింది, దాదాపు యాభై ఏళ్ళకు పూర్తిగా వచ్చింది. ఏయే జాతులు, ఏ పాళ్ళలో అన్న లెక్కలో మాత్రం ఇరవై ఏళ్ళకు పాత అడవితో పోలిక 34 శాతమే. పూర్తిగా కలవాలంటే శతాబ్దాలు కావాలి.

80, 34. నన్నడిగితే ఈ విషయంలో గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు ఈ రెండే.

జాతుల సంఖ్య వచ్చేసింది కదా, ఇక దిగులెందుకు?

ఎందుకంటే ఆ సంఖ్యలో ఎవరున్నారన్నది సంఖ్య చెప్పదు. ఒక కొండవాలు మీద పాత అడవిలో నలభై రకాల చెట్లు ఉన్నాయనుకుందాం (లెక్క కోసం చెప్తున్నాను). పాతికేళ్ళ బీడులో కూడా నలభై రకాలు ఉండొచ్చు. కానీ అందులో సగం ఎండకు ఇష్టపడి పెరిగేవి, రోడ్డు పక్కన, వాగు గట్టున, ఎక్కడపడితే అక్కడ మొలిచేవి. పాత అడవిలో మాత్రమే ఉండే చెట్లు, అంటే నీడలో మెల్లగా పెరిగేవి, పెద్ద గింజ ఉండేవి, ఎప్పుడో గానీ కాయనివి, ఆ జాబితాలో ఉండకపోవచ్చు. ఒక జిల్లా మొత్తంలో ఎక్కడ చూసినా అవే నలభై మామూలు రకాలు కనిపిస్తూ అరుదైనవి ఒక్కొక్కటే తప్పుకుంటుంటే, ఏ ప్లాటు విడిగా కొలిచినా అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నాకు భయం వేసేది అక్కడే.

వదిలేసిన మొదటి రోజుల్లో అసలు అక్కడ ఏం జరుగుతుంది?

మొదటి వానాకాలంలో గడ్డి, ఏజిరాటమ్ లాంటి కలుపు మొక్కలు, క్రోమోలీనా పొదలు నేలను కప్పేస్తాయి. పైనుంచి చూస్తే ఇదంతా పనికిరాని తుప్పలా ఉంటుంది. వంగి ఆ తుప్ప పక్కకు తప్పిస్తే అసలు పని అక్కడ జరుగుతోంది.

ఉదాహరణకు మోకాలి ఎత్తున కొట్టేసిన ఒక నల్లమద్ది మోడు దగ్గర కూర్చుని చూడండి. కోత పడిన అంచు కింద, బెరడుకీ కలపకీ మధ్య నుంచి ఎనిమిదో పదో పిలకలు గుంపుగా పుట్టుకొస్తాయి. లేతవి కాస్త ఎర్రగా, ముదురువి పచ్చగా ఉంటాయి. కింద ఉన్న వేరు పాత చెట్టుది, పదుల ఏళ్ళది, రాతి సందుల్లోకి దిగి నీళ్ళు అందుకున్నది. కాబట్టి గింజ నుంచి మొలిచిన మొక్క వేసవిలో వాడిపోయే చోట ఈ పిలక ఒకే ఏడాదిలో మనిషెత్తు లేవగలదు. రెండు మూడేళ్ళకు ఆ పదింటిలో రెండో మూడో గట్టివి మిగిలి, బలహీనమైనవి వాటి నీడలోనే ఎండిపోతాయి. చిరుమాను, కొడిశ, చెన్నంగి, వేగిస, టేకు, వీటన్నిటికీ ఈ గుణం ఉంది. తునికి ఇంకా మొండిది, మోడు నుంచే కాకుండా దూరంగా పాకిన వేళ్ళ నుంచి కూడా లేస్తుంది. అడ్డాకు తీగ కూడా నరికినా చావదు.

తేమ ఎక్కువ ఉన్న లోయల్లో, చింతపల్లి, మారేడుమిల్లి వైపు, రెండో ఏడు నుంచి ట్రెమా, మకరంగా లాంటి తొందరపాటు చెట్లు లేస్తాయి. మెత్తని కలప, వెడల్పాటి ఆకులు, గబగబా పెరుగుదల. ఐదారేళ్ళకు వీటి గొడుగులు ఒకదాన్నొకటి తాకి కింద నీడ పడగానే గడ్డి తగ్గిపోతుంది. నా లెక్కలో ఇది పెద్ద మలుపు, ఎందుకంటే గడ్డి పోయిందంటే వేసవి మంటకు మేత పోయినట్టే. పదిహేను ఇరవై ఏళ్ళకు ఈ తొందరపాటు చెట్లు ముసలివై పడిపోతుంటాయి, వాటి కింద నెమ్మదిగా లేస్తున్నవి ఆ వెలుతురు అందుకుంటాయి.

మరి అడవి వస్తే అన్నీ మోడు నుంచే వస్తాయా? గింజల సంగతేంటి?

మోడు నుంచి లేవలేనివి ఉన్నాయి. అందరికీ తెలిసిన ఉదాహరణ జీలుగు. అది తాటి కుటుంబపు చెట్టు, కొన దగ్గర ఒక్కటే మొగ్గ, నరికితే పిలక వేయదు, చచ్చిపోతుంది. మళ్ళీ రావాలంటే ఎక్కడో ఉన్న తల్లి చెట్టు నుంచి పండు తిన్న పునుగుపిల్లో మరో జంతువో ఇటు రావాలి. అందుకే మన్యంలో పోడు కొట్టేవాళ్ళు జీలుగు చెట్టు జోలికి పోకుండా వదిలేయడం చాలా చోట్ల చూస్తాం. కల్లు కోసమే అనుకోండి, ఫలితం మాత్రం అడవికి దక్కుతుంది. (ఆ కల్లు మీద వేసిన చిగురు పన్నే 1879 రంప పితూరీకి ఒక ముఖ్య కారణం అని ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. చెట్టుకూ మనుషులకూ ఉన్న బంధం అంత గట్టిది.)

ఇక గింజలు మూడు దారుల్లో వస్తాయి. కొన్ని ముందే నేలలో నిద్రపోతుంటాయి, ట్రెమా గింజలు అలాంటివే, ఎండ తగిలి నేల వేడెక్కితే లేస్తాయి. కొన్ని గాలికి వస్తాయి, నల్లమద్ది కాయకు ఐదు రెక్కలుంటాయి, వేగిస కాయ చుట్టూ పల్చని రెక్క బిళ్ళలా ఉంటుంది, బూరుగు దూదితో ఎగురుతుంది. మిగతావి కడుపులో వస్తాయి. పికిలిపిట్టలు, గోరింకలు, గబ్బిలాలు చిన్న గింజలను మోస్తాయి. ఎలుగుబంటి రేల కాయలు, నేరేడు, తునికి పళ్ళు తిని మైళ్ళ దూరం తిరిగి గింజలు వదులుతుంది. పెద్ద పళ్ళను మింగగలిగే హార్న్‌బిల్ లాంటి పక్షులు మన పాపికొండల్లో ఇంకా ఉన్నాయి కానీ వాటికి గూడు కట్టుకోవడానికి పెద్ద తొర్ర ఉన్న ముసలి చెట్టు కావాలి, అంటే పాత అడవే కావాలి. వేటాడి జంతువులను ఖాళీ చేసిన అడవి పక్కన ఉన్న బీడుకు గాలిగింజలు, చిన్నగింజలు వస్తాయి, పెద్దగింజలు రావు. చెట్లను కాపాడి జంతువులను పోగొట్టుకుంటే జరిగేది ఇదే.

పొలం మధ్యలో వదిలేసిన మామిడి, ఇప్ప, చింత చెట్ల వల్ల ఉపయోగం ఉందా?

చాలా ఉంది, అనుకున్నదానికంటే ఎక్కువ. కొండరెడ్లు, కోయలు, బగతలు, కోందులు, ఎవరి పోడులో చూసినా మామిడి, ఇప్ప, చింత, పనస లాంటివి నరక్కుండా ఉంటాయి. తినడానికీ అమ్ముకోవడానికీ ఉంచుకున్నవే. పంట ఆపేశాక వాటి పని మారిపోతుంది. ఎగిరే పిట్టకు ఖాళీ కొండ మీద కూర్చోవడానికి ఉన్నది ఆ ఒక్క కొమ్మే, కాబట్టి కడుపులో ఉన్న గింజలన్నీ దాని కిందే పడతాయి. అలాంటి మామిడి కింద కొమ్మలు పరుచుకున్నంత మేర ఒక్కసారి నేల చూడండి. నేరేడు మొలకలు, చిన్న తీగలు, మర్రి జాతి మొక్కలు గుంపుగా ఉంటాయి, ఆ నీడ దాటి పది అడుగులు బయటికొస్తే ఉత్త గడ్డే. ఎకరాకు నాలుగైదు చెట్లు వదిలిన పోడుకూ మొత్తం బోడిగా కొట్టిన పోడుకూ పదేళ్ళ తర్వాత ఉండే తేడా కంటితో చూస్తేనే తెలిసిపోతుంది.

ఊరి దేవత పేరు మీద తరతరాలుగా ముట్టుకోకుండా ఉంచిన చెట్ల గుంపులు కూడా ఇలాగే పనిచేస్తాయి. చుట్టుపక్కల బీళ్ళన్నిటికీ అవే విత్తనాల కొట్లు.

నిప్పు పెట్టడం వల్లే నాశనం జరుగుతుంది కదా?

ఒక్కసారి పెట్టిన నిప్పు వల్ల అంత నష్టం లేదు. ఏటేటా వచ్చే నిప్పు వల్ల ఉంది.

పోడు కాల్చినప్పుడు పైనున్న కొద్ది అంగుళాల నేల బాగా వేడెక్కి అక్కడి గింజలు కొన్ని చస్తాయి, నైట్రోజన్ చాలావరకు పొగలో కలిసిపోతుంది. పొటాష్, కాల్షియం, కొంత భాస్వరం బూడిదలో మిగిలి నేల పులుపు తగ్గుతుంది, ఎరువు కొనకుండా మొదటి ఏడాది పంట బాగా వచ్చేది అందుకే. లోతున వేళ్ళు బతికే ఉంటాయి. కాకపోతే వాలు ఎక్కువుంటే తొలకరి జడివానకు ఆ బూడిదలో కొంత వాగులోకి కొట్టుకుపోతుంది.

బీడుగా వదిలేశాక మళ్ళీ మళ్ళీ వచ్చే వేసవి మంటలే అసలు దెబ్బ. మార్చిలో ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాల్చడం, తునికాకు కొత్త చిగురు బాగా వేయాలని పొదలకు నిప్పు పెట్టడం, ఇవి పక్కనున్న బీళ్ళలోకి పాకుతాయి. పెద్ద చెట్టుకు ఏమీ కాదు. జానెడు ఎత్తున్న మొలక చస్తుంది. ఏటా చస్తుంది. అందుకే కొన్ని చోట్ల ఎత్తైన ఇప్ప చెట్లుంటాయి గానీ వాటి కింద వాటి పిల్ల ఒక్కటీ కనపడదు. మంటకు తట్టుకునే చిట్టీత, బోదగడ్డి, మోళ్ళు మాత్రం మిగిలి అదే పదేళ్ళైనా ఇరవై ఏళ్ళైనా అడవి ముందుకు కదలదు. ఒక బీడుకు మీరు చేయగలిగిన సాయం ఒక్కటే ఉంటే, మొదటి ఐదారు వేసవులు దానిలోకి నిప్పు రాకుండా చూడటమే ఆ సాయం.

బీడు కాలం ఎంత తగ్గితే ప్రమాదం?

బీడు కాలం అంటే ఒకసారి కొట్టి వదిలేసిన చోటే మళ్ళీ కొట్టేదాకా గడిచే ఏళ్ళు. దీని మీద మన దేశంలోనే మంచి పని జరిగింది. పర్యావరణ శాస్త్రవేత్త పి.ఎస్. రామకృష్ణన్, ఆయన విద్యార్థులు 1970ల చివర్లో, 80ల్లో మేఘాలయలో ఝూమ్ (అక్కడ పోడును అలా అంటారు) పొలాలను వరుసగా చూశారు. ముప్పై ఏళ్ళకు ఒకసారి, పదేళ్ళకు ఒకసారి, ఐదేళ్ళకు ఒకసారి కొట్టే భూములను పోల్చి చూస్తే, ఐదేళ్ళకే మళ్ళీ కొట్టే చోట నేల సారం కోలుకునే సమయమే దొరకలేదు, కలుపు దశ దాటి చెట్ల దశకు పోనేలేదు. పదేళ్ళ చక్రం కనీసం ఉండాలని వాళ్ళు తేల్చారు. ఇది పంటకు, నేలకు సరిపోయే లెక్క అని గమనించండి. చెట్ల వైవిధ్యానికి అది చాలదు.

మిజోరంలోని డంపా అభయారణ్యం దగ్గర టి.ఆర్. శంకర్ రామన్ బృందం 1990ల్లో ఏడాది, ఐదేళ్ళు, పదేళ్ళు, పాతికేళ్ళు, వందేళ్ళ బీళ్ళను పాత అడవితో పోల్చింది. పక్షులకు పాతికేళ్ళు దాటిన బీళ్ళు కూడా ఆ ప్రాంతంలో ఉండాల్సిందేనని, చెట్ల జాతులకు అంతకంటే చాలా ఎక్కువ కాలం కావాలని దాని సారాంశం.

ఎన్నేళ్ళకు ఒకసారి అన్నదొక్కటే కాదు, ఇప్పటికి ఎన్నిసార్లు కొట్టారు అన్నది కూడా లెక్కే. అమెజాన్ నదీతీరాల్లో కటరీనా జాకోవాక్ చేసిన పరిశోధనలో, ఎక్కువసార్లు కొట్టి కాల్చిన చోట అడవి ప్రతిసారీ ఇంకాస్త నెమ్మదిగా లేచింది, గింజ నుంచి వచ్చేవి తగ్గిపోయి పిలకలు వేసేవే మిగిలాయి. మోడు కూడా ఎన్నిసార్లని లేస్తుంది? దాని వేరులో దాచుకున్న పిండిపదార్థం అయిపోతే అంతే.

పులికంప కమ్మేసిన బీడు ఇక పోయినట్టేనా?

కొన్నిచోట్ల పులికంప అని పిలిచే లాంటానా, దాని తోడు క్రోమోలీనా, రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. నేల మీద ఉక్కిరిబిక్కిరిగా అల్లుకుని మొలకలకు వెలుతురు అందకుండా చేస్తాయి, ఎండాకాలంలో చిటికెలో అంటుకుంటాయి, కాలిన తర్వాత ముందు లేచేది కూడా అవే. మోళ్ళు బతికి ఉన్న బీడులో అయితే పిలకలు ఆ పొదలను దాటి పైకి లేచి నీడ వేస్తాయి, నీడ పడ్డాక క్రోమోలీనా దానంతటదే బక్కచిక్కుతుంది. లాంటానా అంత తేలిగ్గా పోదు. దాన్ని వేరు మొదలు దగ్గర, నేల కిందికి కోసి, తలకిందులుగా పెట్టి ఎండబెట్టాలి, తర్వాత రెండు మూడేళ్ళు మొలకలు పీకుతూ ఉండాలి. కూలి ఖర్చు ఎక్కువే. అయినా మొక్కలు కొని నాటడానికి పెట్టే డబ్బు ఇక్కడ పెడితే ఫలితం ఎక్కువ.

అమెజాన్ లెక్కలు ఆదిలాబాద్‌కు సరిపోతాయా?

దిక్కు చూపిస్తాయి, ఏళ్ళు అచ్చం అలాగే ఉంటాయని అనుకోకూడదు. ఏడాదిలో ఆరేడు నెలలు చుక్క వాన పడని టేకు అడవికీ, ఏడాదంతా తేమగా ఉండే అడవికీ తేడా ఉంది. పొడి అడవుల్లో చెట్ల ఎత్తే తక్కువ, పిలకలు వేసే గుణం ఎక్కువ, కాబట్టి చూడటానికి పాత అడవిలా అవ్వడం తొందరగా జరగొచ్చు. కానీ ఏటా పెరుగుదలకు దొరికే నెలలు తక్కువ, మొలకలను ఎండ చంపుతుంది. ఇంకో తమాషా ఏమిటంటే తడి అడవిలో మొదట వచ్చేవి మెత్తని కలప చెట్లు, తర్వాత గట్టివి వస్తాయి. పొడి అడవిలో ఇది తలకిందులు, ఎండకు తట్టుకోవాలి కాబట్టి మొదటి నుంచే గట్టి కలప చెట్లు నిలబడతాయి. లాటిన్ అమెరికా పొడి అడవుల్లో ఈ దశలో చిక్కుడు కుటుంబపు చెట్లు, అంటే నైట్రోజన్‌ను నేలలో పట్టి ఉంచేవి, బాగా ఎక్కువని కూడా చూశారు.

మారేడుమిల్లి, గూడెం వైపు లోయల్లో తడి ఎక్కువ, అక్కడ కోలుకోవడం ఒక తీరు. ఎదురుగా దక్షిణం వాలు మీద, రాళ్ళ మధ్య, ఇంకో తీరు. ఒకే ఊరి రెండు కొండలకు కూడా ఒకే లెక్క పనికిరాదు.

అయితే అడవిని నాశనం చేసింది పోడు చేసేవాళ్ళే అన్నమాట?

ఈ మాట నేను ఒప్పుకోను, ఎందుకో చెప్తాను. పెద్ద కొండ, తక్కువ మంది, ఇరవై ఏళ్ళ బీడు ఉన్నంత కాలం పోడు, అడవి పక్కపక్కనే బతికాయి. తూర్పు కనుమల్లో ఇంత చెట్టూ చేమా మిగిలింది ఆ కాలాన్ని దాటుకునే కదా. తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవుల గీతలు పడ్డాయి, తిరిగే కొండలు తగ్గాయి, కలప కోసం పెద్ద చెట్లు దిగిపోయాయి, జనం పెరిగారు, డ్యాములు, ప్లాంటేషన్లు వచ్చాయి. 1922లో మన్యం భగ్గుమనడానికి, 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణం ఇవ్వడానికి వెనక ఉన్నది ఈ అడవి, ఈ భూమి గొడవే. చేతిలో మిగిలిన రెండు మూడు చెక్కలనే తిప్పి తిప్పి కొట్టాల్సి వస్తే బీడు కాలం ఐదేళ్ళకు, మూడేళ్ళకు పడిపోతుంది. అది ఆ రైతు కోరుకున్నది కాదు.

ఇప్పుడు ఇంకో మెలిక ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి హక్కు ఇస్తారు. తెలంగాణలో 2023లో సుమారు నాలుగు లక్షల ఎకరాలకు లక్షన్నర మందికి పట్టాలు ఇచ్చారు. వాళ్ళకు అది న్యాయంగా రావాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ సాగులో ఉంటేనే హక్కు అన్న చోట బీడుగా వదిలితే పోతుందేమో అన్న భయం ఉంటుంది, దాంతో తిరిగే పోడు స్థిరపడిన చేను అయిపోతుంది, నాగలి, ట్రాక్టరు దిగుతాయి, పత్తి వస్తుంది. బీడును కూడా సాగులో భాగంగా చూసి, ఊరు మొత్తానికి కలిపి హక్కు ఇచ్చే పద్ధతిని చట్టంలోని సామూహిక హక్కుల కింద గట్టిగా వాడుకోవాలి. అడవికీ మనుషులకీ ఇద్దరికీ అదే మేలు.

జీడిమామిడి, కాఫీ వేస్తే పచ్చగానే ఉంటుంది కదా?

జీడిమామిడి తోట తోటే, దాని కింద అడవి లేవదు. కాఫీ కాస్త నయం, పాడేరు వైపు కాఫీ వచ్చాక చాలా కొండవాలు పోడు నుంచి తప్పించుకుంది, కుటుంబాలకు డబ్బు కళ్ళజూసే దారి దొరికింది. పైన ఉన్న పాత అడవి చెట్ల నీడలోనే కాఫీ వేస్తే పక్షులకూ మంచిదే. సిల్వర్ ఓక్ ఒక్కటే వరసగా నాటితే ఆ లాభం తగ్గిపోతుంది. ఏ కాఫీ తోటలోనైనా కింద కలుపు తీస్తారు కాబట్టి, ఇప్పుడున్న ముసలి చెట్లు పడిపోతే వాటి స్థానంలో వచ్చే పిల్లలు ఉండవు. తోటలో అక్కడక్కడ కలుపు తీయకుండా చిన్న ముక్కలు వదలమని రైతులకు చెప్తే బాగుంటుంది.

మొక్కలు నాటితే ఇదంతా తొందరగా జరగదా?

మోళ్ళు బతికి, పక్కన అడవి ఉన్నచోట నాటడం చాలావరకు దండగ. గుంతలు తీయడానికని ఉన్న పిలకలు కొట్టేసి టేకో యూకలిప్టసో వరసలుగా నాటితే కోలుకుంటున్నదాన్ని చేతులారా చెరిపినట్టు. అలాంటి చోట కంచె, నిప్పు కాపలా, పులికంప తీయడం, మేకలను నాలుగేళ్ళు ఆపడం, ఇవి చాలు.

నాటాల్సింది వాటంతటవి రాలేని వాటినే. జీలుగు, కొండ మామిడి, సంపెంగ, కరక, సారపప్పు చెట్టు, ఊళ్ళో ముసలివాళ్ళను అడిగితే ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేనివి ఏవో వాళ్ళే చెప్తారు. ఆ కొండ చుట్టుపక్కలే గింజ ఏరి, అక్కడే నారు పోసి, నీడ వచ్చాక, అంటే ఐదారేళ్ళ బీడులో పిలకల మధ్య సందుల్లో పెట్టాలి. మొదటి ఏడాదే ఎండలో పెడితే చస్తాయి.

ఒక బీడు ఎంతవరకు కోలుకుందో నేను స్వయంగా చూసి చెప్పగలనా?

చెప్పొచ్చు, పరికరాలేమీ అక్కర్లేదు. ముందు ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి ఏ ఏడు వదిలారో, అంతకు ముందు ఎన్నిసార్లు కొట్టారో కనుక్కోండి. వాళ్ళకు ఏళ్ళు అంకెల్లో గుర్తుండకపోవచ్చు, పెద్దబ్బాయి పుట్టిన ఏడు, ఫలానా తుఫాను ఏడు అని చెప్తారు, అది చాలు.

తర్వాత నవంబరులో, వానలు వెనకబట్టాక లోపలికి వెళ్ళండి. పైకి చూడకండి, కిందికి చూడండి. పైనున్న చెట్లు ఇప్పటిదాకా జరిగిన కథ, మోకాలి లోపు ఉన్న మొలకలు రాబోయే ముప్పై ఏళ్ళ కథ. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు తాడు కట్టి అందులో చెట్ల మొలకలు ఎన్ని రకాలో లెక్కపెట్టండి, పేర్లు తెలియకపోతే ఆకు ఆకారాన్ని బట్టి వేరు చేయండి. మొలక నేలలోంచి సన్నగా ఒక్కటే లేచిందా, పాత మోడు పక్కనుంచి వచ్చిందా చూడండి. అన్నీ మోడు పిలకలే ఉంటే ఆ బీడు పాత చెట్లను తిరిగి నిలబెడుతోంది గానీ కొత్తవాటిని తెచ్చుకోవడం లేదు. పెద్ద గింజల చెట్ల మొలకలు ఒకటి రెండైనా కనిపిస్తే జంతువులు తిరుగుతున్నాయని అర్థం. ఎలుగుబంటి, పునుగుపిల్లి పెంటలో ఏ గింజలున్నాయో పుల్లతో కదిపి చూడటానికి సిగ్గుపడకండి. కాలిన బెరడు ఎంత ఎత్తు వరకు నల్లగా ఉందో, కింద ఆకుల పొర వేలు దిగేంత ఉందో లేదో కూడా రాసుకోండి.

ఇదే పని దగ్గర్లోని దేవత వనంలోనో, ఎవరూ కొట్టని లోయలోనో కూడా చేసి రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టండి. బీడులో లేకుండా అక్కడ మాత్రమే ఉన్న పేర్ల కింద గీత గీసి ఆ కాగితం ఊరి బడిలో గోడకు అంటించండి, వచ్చే ఏడు నారు పోయాల్సిన గింజలు అవే.